క్రేను చేతికి ఇమాం జామిన్

ఇత్తడి క్రేను ఇల్లు దాటే రోజు దగ్గరపడ్డ కొద్దీ తాహెరా బేగంకు అన్నం దిగడం మానేసింది. భయం ఆమెకు కొత్త కాదు. అది ఇంట్లో మనిషిలాగా పొద్దున ఆమెతోపాటే లేచి, చాయ్ తాగి, రోజంతా వెంట తిరిగేది. కానీ ఈసారి ఆ భయం పక్కన ఇంకోటేదో వచ్చి కూర్చుంది. పెళ్లికి ముందు రెండు చేతుల నిండా మెహందీ పెట్టించుకుని, ముక్కు మీద దురద పుట్టినా గోక్కోలేక, నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నప్పుడు లోపల ఎగిరిందే, అది.

క్రేను మొత్తం జానెడున్నర పొడుగు. ఎనిమిది నెలలు కూర్చుని చేసింది ఆమె బిడ్డ సబియా. మెకానికల్ డిప్లొమా పూర్తయి ఏడాదిన్నర అయింది. పోయిన ప్రతి ఇంటర్వ్యూలో ఒకటే మాట, ఆడపిల్లవు మిషన్ల కాడ ఎందుకమ్మా, ఆఫీసులో కూర్చుంటావా అని. సబియాకు ఆఫీసు వద్దు. చేతికి ఇత్తడి పొడి అంటకపోతే ఆ పిల్లకు పూట గడవదు.

క్రేను సంగతి మాత్రం తండ్రి అబ్దుల్ కరీంది. ఆయన కాజీపేటలో ముప్పై ఏడేండ్లు బ్రేక్‌డౌన్ గ్యాంగులో చేసి రిటైరయ్యాడు. ఎక్కడన్నా బండి పట్టాలు దిగితే హూటర్ మోగేది, గ్యాంగు క్రేనుతో సహా ఉరికేది. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉన్న ఆవిరి క్రేను ఎప్పుడో తుక్కు కింద పోయింది. దాని ఫోటో ఒక్కటి లేదు. కరీం మంచం మీద కూర్చుని చెప్పేవాడు.

"దాని చెయ్యి కింద నిలబడితే నా నెత్తి మీద ఇంకా రెండు బెత్తెలు ఉండేది."

"అబ్బా, బెత్తెలు కాదు, మీటర్లల్ల చెప్పు," అనేది సబియా. తండ్రిని ఆ పిల్ల అబ్బా అనే పిలుస్తుంది.

"నా బెత్తె కొలుసుకో. ఇగో చెయ్యి."

ఆ పిల్ల నిజంగానే తండ్రి చెయ్యి స్కేలు మీద పెట్టి కొలిచి, దాన్ని ఎనభై ఏడుతో భాగించి, నోటుబుక్కులో రాసుకునేది. బొమ్మ బండ్లన్నీ ఆ లెక్కనే ఉంటాయట, అసలు బండిలో ఎనభై ఏడో వంతు. మట్టెవాడలో కంసాలి సామాన్లు అమ్మే దుకాణం నుంచి సన్న ఇత్తడి రేకు, వెంట్రుకంత సన్న రంపం బ్లేడ్లు తెచ్చుకుంది. ఆవిరి గొట్టాలకు దవాఖానలో అడిగి తెచ్చిన వాడని ఇంజక్షన్ సూదులు. హుక్కుకు తాహెరా కుట్టుపెట్టెలోని జాకెట్ హుక్కు. హుక్కును లేపే మోటరు పాడైపోయిన సీడీ ప్లేయర్‌లోది.

ఆ ఎనిమిది నెలలూ తాహెరా చూడని ప్రమాదం లేదు. టంకం పొగకు ఊపిరితిత్తులు పాడైతాయి, ఆసిడ్ చుక్క కంట్లో పడుతుంది, కరెంటు ఎక్కడో ఒకచోట పట్టుకుంటుంది. ఒక మధ్యాహ్నం వచ్చి చూస్తే బిడ్డ ఏకంగా తన కుట్టుమిషన్ ముందు కూర్చుని సూది కింద ఇత్తడి రేకు పెట్టింది.

"నా మిషన్ పాడు జేస్తవా పిల్లా. సూది ఇరిగి కంట్ల వడితే ఏం గావాలె?"

"సూది మొన అరగదీసిన అమ్మీ. రేకును పొడవది, ఎనక నుంచి జర ఒత్తుతది అంతే. ఒత్తినకాడల్ల ఇవతల చిన్న బొబ్బ లేస్తది. పాత క్రేనుకు రివిట్లు ఉంటయి గదా, అట్లనే కనవడుతది. మిషన్ అయితే అన్ని ఒకటే దూరంల వస్తయి."

తాహెరా మొగుని కళ్లద్దాలు తెచ్చి బిడ్డ ముక్కు మీద పెట్టింది. నాలుగు రివిట్లు చూసింది. వంకర పోతున్నాయి. ఇంకో నాలుగు చూసింది. ఇక ఉండబట్టలేదు.

"లే. నువ్వు చక్రం గుంజుతానవు. రేకు కింద పాత చీర గుడ్డ ఎయ్యాలె, కుట్టు సైజు తగ్గియ్యాలె. జరుగు."

ఆ పూట నుంచి క్రేనుకు రివిట్లన్నీ తాహెరా చేతివే. చక్రం చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతుంటే రేకు మీద ఆవగింజలో సగం కూడా లేని బుడిపెలు వరుసగా లేచేవి. జాకెట్టుకు కుట్టు తిన్నగా వస్తే ఎవరూ చూడరు, వంకర పోతేనే చూస్తారు. ఈ కుట్టును మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ కరీం భూతద్దం ఇచ్చి చూపించాడు.

మట్టెవాడలో రాజేశ్వర్ రావు అని ఒక రిటైర్డ్ ఇంజనీరు ఉన్నాడు. మేడ మీద హాలంతా చిన్న పట్టాలు పరిచి బొమ్మ కాజీపేట జంక్షన్ కట్టుకున్నాడు. ఆయనా, ఆయన హైదరాబాదు బొమ్మ రైళ్ల క్లబ్బు వాళ్లూ కలిసి అలాంటిదే పెద్దది కట్టబోతున్నారు. సబియా పని చూసి ఆయన ఒక మాట అన్నాడు.

"ఆదివారం పదకొండింటికి తీసుకురా బేటీ. క్లబ్బు నుంచి రాంప్రసాద్ వస్తడు. పట్టాల పక్కన పడ్డ వ్యాగన్‌ను నీ క్రేను లేపి మళ్ల పట్టాల మీద పెట్టాలె. పెట్టిందా, మా క్లబ్బుల ఇత్తడి పనంత నీదే. లేకుంటే ఏమనుకోకు, బయటి దేశం నుంచి తెప్పించిన ప్లాస్టిక్ క్రేను ఆయన దగ్గర తయారుగ ఉన్నది."

శనివారం సాయంత్రం ఇంట్లో చివరి పరీక్ష జరిగింది. వ్యాగన్ బరువుకు సరిపడా చింతపండు పొట్లం హుక్కుకు తగిలించారు. కరీం ఎదురుగా నిలబడి చెయ్యి ఊపాడు, సబియా స్విచ్చి నొక్కింది. పొట్లం గాలిలోకి లేచింది. నాలుగుసార్లు లేపితే నాలుగుసార్లూ లేచింది. తాహెరా పక్క నుంచి "జర పక్కకు, ఇగో ఇటు, ఇటు" అని చెయ్యి ఊపబోతే కరీం కసిరాడు.

"క్రేను పనిల చెయ్యి ఒక్కడే ఊపాలె. పదిమంది ఊపితే అది ఎవని మాట ఇంటది? అందరు నోరు మూసుకోవాలె."

"తప్పు జరుగుతాంటే గూడనా?"

"తప్పు జరుగుతాంటే ఎవ్వలైన ఆపొచ్చు. రెండు చేతులు పైకెత్తి అడ్డం ఊపుడే. చాయ్ పోసేటోడు ఊపినా క్రేను ఆగాల్సిందే. అది రూలు."

ఇక్కడ తాహెరాకున్న ఒక అలవాటు గురించి చెప్పాలి. దూరం పోయే మనిషి కుడి చేతికి పచ్చ గుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి కడతారు, దాన్ని ఇమాం జామిన్ అంటారు. పోయినవాళ్లు క్షేమంగా చేరినంక విప్పి ఆ రూపాయి లేనివాళ్లకు ఇస్తారు. హూటర్ మోగిన ప్రతిసారీ ఆమె వాకిట్లోకి ఉరికి, ఒక కాలికి బూటు వేసుకుంటున్న మొగుని చేతికి అది కట్టేది. ముప్పై ఏడేండ్లలో ఆయన గోరు కూడా చిట్లకుండా తిరిగొచ్చాడు. దాంతో ఆమెకు గురి కుదిరింది. బిడ్డ స్కూటీ అద్దానికి కట్టింది. ఇల్లు మారినప్పుడు ఫ్రిజ్జు హ్యాండిల్‌కు కట్టింది. డిప్లొమా పరీక్షలకు సబియా చేతికి కడితే, ఆ పిల్ల కాలేజీ గేటు దగ్గరే విప్పి జామెట్రీ బాక్సులో దాచిందని తర్వాత తెలిసింది. దోస్తులు నవ్వుతారట. అప్పటి నుంచి చెయ్యి చాపమంటే చాపదు.

ఆదివారం పొద్దున సబియా స్నానానికి పోయింది. కరీం గడ్డం గీసుకుంటున్నాడు. కుట్టుమిషన్ బల్ల మీద క్రేను ఒక్కటే ఉంది. తాహెరా దాన్ని చూసింది. కాజీపేట నుంచి మట్టెవాడ దాకా ఆటో, ఎన్ని స్పీడ్ బ్రేకర్లో, హన్మకొండ చౌరస్తాలో ఎంత ట్రాఫిక్కో. ప్రయాణమే కదా. పైగా దానికి చెయ్యి కూడా ఉంది. జిబ్బు అంటుంది సబియా, కరీం అయితే చెయ్యే అంటాడు.

ఆమె ముందే కత్తిరించి పెట్టుకున్న పచ్చ గుడ్డ పీలికలో రూపాయి చుట్టింది. ఆ చెయ్యి రెండు రేకుల మధ్య ఖాళీగా ఉంటుంది. చివరన, తీగ తిరిగే గిలక పక్కన, ఎవరికీ కనపడని చోట పచ్చ దారంతో గట్టిగా కట్టింది. దారం కొసలు పొట్టిగా కత్తిరిస్తే ముడి ఊడుతుందేమోనని రెండు వేళ్ల పొడుగు వదిలి లోపలికి నెట్టింది. కుక్కర్ కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టెలో, పాత దూది మధ్య క్రేనును పడుకోబెట్టి మూత వేసింది. సబియా వచ్చి చూస్తానంటే, "సర్దుడు నా పని అన్న గదా, ఇగ కదపకు" అంది.

ఆటోలో పెట్టె తాహెరా ఒడిలోనే ఉంది.

"భయ్యా, మెల్లగ. పిల్లలున్నరు అనుకో."

ఆటో అతను అద్దంలోంచి పెట్టె చూశాడు. "ఏమున్నదమ్మా, గుడ్లా?"

"క్రేను," అన్నాడు కరీం గంభీరంగా. "డెబ్బై అయిదు టన్నులు లేపుతది."

పోచమ్మ మైదాన్ దాకా అతను ప్రతి స్పీడ్ బ్రేకర్‌నూ నడక వేగంతో ఎక్కించాడు. సబియా బయటికి తిరిగి భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, గోళ్లు కొరకడం మొదలుపెట్టింది.

రావు సార్ మేడ మీదికి పోయేసరికి ఎల్లస్వామి అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఆవిరి క్రేను బాయిలరుకు బొగ్గు వేసింది ఆయనే. కరీం ఫోను చేస్తే నెక్కొండలో పొద్దున బండెక్కి వచ్చాడు. సబియా పెట్టెలోంచి క్రేను తీసి పట్టాల మీద నిలబెట్టగానే ఆయన లేచి, దగ్గరికొచ్చి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు.

"కరీం భాయ్, నా బొగ్గు డబ్బా ఏది?"

"ఎనక జూడు."

చూశాడు. బొగ్గు డబ్బాకు ఆనించి గోరంత ఇత్తడి పార కూడా ఉంది. ఎల్లస్వామి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఉక్కపోతగా ఉందన్నాడు. పైన రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

తాహెరా గోడ పక్కన నిలబడింది. ఆ హాలు చూస్తుంటే ఆమెకు కళ్లు చాలలేదు. స్టేషన్ ఉంది, చాయ్ బండి ఉంది, అగ్గిపెట్టెలంత క్వార్టర్లు, వాటి ముందు తీగల మీద ఆరేసిన బట్టలు కూడా ఉన్నాయి. తమ క్వార్టర్ ఏదై ఉంటుందో వెతికి, దొరికినట్టే అనిపించి మెడ చాపి చూసింది. యార్డు చివర వ్యాగన్ ఒకటి పట్టాలు దిగి పక్కకు ఒరిగి ఉంది. రాంప్రసాద్ అంటే ఎవరో కూడా తెలిసింది. ఫోన్ కెమెరా పట్టుకుని, చంకలో రంగు పెట్టెతో నిలబడ్డ సన్నటి మనిషి. ఆ పెట్టెలో ఉన్నదే ప్లాస్టిక్ క్రేను.

"కాళ్ల కింద చెక్కలు పెట్టినవా బిడ్డా?" అడిగాడు ఎల్లస్వామి.

సబియా క్రేనుకు రెండు పక్కలా కాళ్లు బయటికి లాగి, ఒక్కోదాని కింద అగ్గిపుల్ల ముక్కలు దొంతిగా పేర్చింది. జిబ్బు పైకి లేపి బిగించింది. హుక్కు దించి వ్యాగన్‌కు తగిలించింది. సరిగ్గా తగిలిందో లేదోనని రెండుసార్లు లాగి చూసింది.

కరీం ముందుకొచ్చి, చొక్కా సర్దుకుని, నిటారుగా నిలబడ్డాడు. రిటైరయ్యాక ఆయన అంత నిటారుగా నిలబడడం తాహెరా చూడలేదు. ఆయన చూపుడువేలు పైకెత్తి చిన్నగా గుండ్రంగా తిప్పాడు. సబియా స్విచ్చి నొక్కింది.

తీగ బిగుసుకుంది. వ్యాగన్ ఒక మూల లేచింది, తర్వాత రెండో మూల. తర్వాత మొత్తం గాలిలోకి వచ్చి మెల్లగా ఊగింది. ఎల్లస్వామి నోరు కొద్దిగా తెరుచుకుంది. రావు సార్ మునివేళ్ల మీద లేచాడు. లేచింది, నా బిడ్డ క్రేను లేపింది, నా రివిట్లు పట్టుకున్నయి, అని తాహెరాకు లోపల ఒకటే పరుగు.

అప్పుడు చప్పుడు మారింది.

మిగతావాళ్లకు అది మోటరు బరువు లాగుతున్న చప్పుడే. తాహెరా మాత్రం ముప్పై ఏండ్లుగా ఆ చప్పుడు వింటున్నది. మిషన్ కింద దారం చిక్కుపడి ఉండ కట్టేటప్పుడు, బట్ట ముడుచుకుపోయే ముందు, ఒక్క క్షణం అట్లాగే మూలుగుతుంది. ఆ క్షణంలో ఆపకపోతే సూది విరుగుతుంది.

దారం. తను వదిలిన ఆ రెండు వేళ్ల కొస.

కరీం వేలు ఇంకా తిరుగుతూనే ఉంది. హూటర్లు విని విని ఆయనకు సన్న చప్పుళ్లు వినపడడం మానేసి చాన్నాళ్లయింది. సబియా కళ్లు తండ్రి వేలు మీదే ఉన్నాయి. ఎవరూ మాట్లాడకూడదు. అంతమంది మగవాళ్ల మధ్య తాహెరా ఎప్పుడూ నోరు తెరిచిన మనిషి కాదు. నోరు తెరిస్తే తప్పు తనదని అందరికీ తెలుస్తుంది. తెరవకపోతే మోటరు కాలుతుంది, వ్యాగన్ పడుతుంది, ఆ రంగు పెట్టె తెరుచుకుంటుంది.

ఆమె గోడ వదిలి ముందుకొచ్చి, రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపింది.

సబియా వేలు స్విచ్చి మీద నుంచి లేచింది. మోటరు ఆగింది. వ్యాగన్ గాలిలోనే ఉండిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు రాంప్రసాద్.

"దారం చిక్కింది."

"దాంట్ల దారం ఎక్కడిది? అది వైరు గదా."

"నేనే కట్టిన," అంది తాహెరా. "పొద్దున కట్టిన. ఇమాం జామిన్. చెయ్యి చివర, గిలక కాడ. పిల్లకు తెల్వది. పిల్ల తప్పేం లేదు సార్, పని మంచిగనే చేసింది. నాకే భయమైంది."

"అమ్మీ," అంది సబియా. కోపమో ఏడుపో తెలియలేదు. వంగి జిబ్బు లోపలికి చూసింది. గిలకలోకి పచ్చ దారం కొస దూరి, తీగతోపాటు నలిగి ఉంది.

"చేరినంక విప్పాలె గదా తాహెరా," అన్నాడు కరీం నెమ్మదిగా. "మట్టెవాడ చేరి గంటయింది."

"చేరుడంటే ఏంది? పనయితేనే చేరినట్టు."

ఎల్లస్వామి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. రాంప్రసాద్ రావు సార్ వైపు తిరిగాడు. "పరీక్ష అంటే పరీక్షే గదా సార్. మధ్యల ఆగింది."

"బ్రేక్‌డౌన్ల ఒక్క ఊపుల లేసిన బండి నేనైతే జూడలే," అన్నాడు ఎల్లస్వామి. "ఇంకోటి జూడున్రి. మనం ఇంతసేపు మాట్లాడుతానం, వ్యాగన్ వెంట్రుకంత జారిందా?"

అందరూ చూశారు. జారలేదు.

"ఆపమన్నప్పుడు ఆగింది," అన్నాడు కరీం. "ఆగని క్రేను కింద గూడ నిలవడ్డ సార్ నేను. గదేందో నాకు తెలుసు."

తాహెరా గిరుక్కున మొగుని వైపు తిరిగింది. అన్ని సంవత్సరాల్లో ఈ సంగతి ఆయన ఇంట్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. దాని సంగతి తర్వాత చూడాలి అనుకుంది.

రావు సార్ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "దారం తీయి బేటీ. వ్యాగన్ కిందికి దించకుండ తీయగలవా?"

సబియా తల ఊపింది. చెయ్యి వెనక్కి చాపింది. ఏం కావాలో అడగలేదు. తాహెరా బ్యాగులోంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసి ఆ చేతిలో పెట్టింది. కత్తెర కొస రెండు రేకుల మధ్యకు పోయింది. ఒక ముడి తెగింది. వ్యాగన్ వణికింది. సన్న పట్టకారుతో దారం కొస పట్టి లాగుతుంటే అది పోగులు పోగులుగా వచ్చింది. ఆఖరి పోగు రాగానే తీగ టక్కున సర్దుకుంది, వ్యాగన్ ఒక్కసారి ఊగి నిలబడింది. పచ్చ గుడ్డ మూట తాహెరా అరచేతిలో పడింది.

"అబ్బా, చెయ్యి ఊపు," అంది సబియా.

కరీం వేలు మళ్లీ తిరిగింది. వ్యాగన్ లేచింది. చెయ్యి పక్కకు చాపాడు, క్రేను మొత్తం మెల్లగా తిరిగింది, దాని నీడ చిన్న క్వార్టర్ల మీద నుంచి, ఆరేసిన బట్టల మీద నుంచి పోయింది. పట్టాల పైకి వచ్చింది. అరచెయ్యి కిందికి పెట్టాడు. దిగింది, దిగింది. ముందు చక్రాలు పట్టాలకు తగిలి సన్నగా టిక్కుమన్నాయి. తర్వాత వెనక చక్రాలు.

కరీం పిడికిలి మూశాడు. అయిపోయిందని.

ఎల్లస్వామి నోటి చుట్టూ రెండు చేతులు పెట్టి హూటర్ ఊదాడు. బండి క్షేమంగా లేచినంక ఆ గ్యాంగు ఊదేదే, పొడుగ్గా. ఇన్నేండ్లూ హూటర్ వింటే తాహెరా పచ్చ గుడ్డ కోసం ఉరికేది. ఇప్పుడు ఆమె పైట అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉంది, కళ్ల నిండా నీళ్లతో, ఆపుకోలేక. రాంప్రసాద్ చంకలోని పెట్టెను కుర్చీ కిందికి నెట్టి, క్రేను దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఈ రివిట్లు ఎట్ల ఒత్తినవు సబియా? మా క్లబ్బుల ఎవ్వరికి ఇంత తిన్నగ రాలే."

"అవి అమ్మీవి. ఆమెనడుగున్రి."

ఆయన తలెత్తి చూశాడు. అందరూ చూశారు. తాహెరా పైట సర్దుకుంది.

"చీర గుడ్డ ఎయ్యాలె కింద," అంది చివరికి.

వచ్చే నెల నుంచి రెండు వారాలకోసారి హైదరాబాదు రావాలని, మొదటి పని నాలుగు సిగ్నల్ స్తంభాలు, ఒక నీళ్ల ట్యాంకు అని రావు సార్ చెప్పాడు. మెట్లు దిగుతున్నంతసేపూ సబియా తండ్రితో నీళ్ల ట్యాంకు గురించే మాట్లాడుతున్నది, ఒక్కో మెట్టుకు రెండు మాటలు. తాహెరా వెనక వస్తున్నది. సందు మూలమీద కూర్చున్న ముసలమ్మ చేతిలో ఆమె పచ్చ గుడ్డ విప్పి రూపాయి పెట్టింది. ఈసారి నిజంగా చేరినట్టే.

ఆటో ఎక్కారు. కదలగానే ఆమెకు హైదరాబాదు కళ్లముందుకొచ్చింది. ఆ బండి, ఆ తొక్కిసలాట, ఆ లిఫ్టులు, ఒంటరి పిల్ల. బ్యాగులో చెయ్యి పెట్టి ఇంకో రూపాయి, ఇంకో గుడ్డ పీలిక వెతికింది.

సబియా చూసింది. "ఇంక నెల ఉన్నది గదా అమ్మీ."

"నెల ఎంతసేపు."

సబియా కుడి చేతి బట్ట పైకి మడుచుకుని, ఆ చెయ్యి తల్లి ఒడిలో పెట్టింది.

"కట్టు. కొసలు మాత్రం కత్తిరించు."